పాత అబార్త్ పుంటో, రోజూ గుంటూరు నుంచి బెజవాడ: ఒక ప్రాజెక్టు డైరీ

ఈ డైరీ 2016 మోడల్ అబార్త్ పుంటో గురించి. ఇల్లు గుంటూరు విద్యానగర్‌లో, ఆఫీసు బెజవాడ బందరు రోడ్డులో. పొద్దున ఇన్నర్ రింగ్ రోడ్డు మీదుగా హైవే ఎక్కి, పెదకాకాని, నాగార్జున యూనివర్సిటీ, కాజ టోల్, మంగళగిరి, తాడేపల్లి దాటి, కృష్ణా వారధి మీదుగా బెజవాడలోకి వెళ్తాను. సాయంత్రం అదే దారి వెనక్కి. ఈ పనంతా ఒక పాత స్పోర్టీ కారుతోనే జరగాలి. ఇంట్లో ఇంకో కారు లేదు, ఉండకూడదనే అనుకున్నాను. పవర్ పెంచే ఉద్దేశం లేదు. కంపెనీ నుంచి వచ్చిన రోజున ఈ బండి ఎలా నడిచిందో ఆ స్థితికి తీసుకొచ్చి, అక్కడ నిలబెట్టాలి. ప్రాజెక్టు అంటే అదే.

ఈ కారు చాలామందికి తెలియదు కాబట్టి నాలుగు ముక్కలు చెప్తాను. ఫియట్ దీన్ని 2015 అక్టోబర్‌లో తెచ్చింది, ధర 9.95 లక్షలు, ఎక్స్ షోరూం. తయారైంది పుణె దగ్గర రంజన్‌గావ్‌లో. 1368 సీసీ టీ-జెట్ టర్బో పెట్రోల్ ఇంజిన్, 145 హార్స్ పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్, ఐదు గేర్ల మాన్యువల్ బాక్సు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. సున్నా నుంచి వందకి 8.8 సెకన్లని కంపెనీ చెప్పింది. మామూలు పుంటో కంటే కిందికి ఉంటుంది, గ్రౌండ్ క్లియరెన్స్ 155 మిల్లీమీటర్లే. ముందున్న తేలు బొమ్మ, 1949లో అబార్త్ కంపెనీ పెట్టిన కార్లో అబార్త్ జన్మరాశి. ఆయనది వృశ్చికం. నాన్నకి మాత్రం ఫియట్ అంటే ఇప్పటికీ ప్రీమియర్ పద్మినియే. బండి ఇంటికి రాగానే బానెట్ మీద చెయ్యి వేసి "మళ్లీ ఫియట్ వచ్చిందిరా ఇంటికి" అన్నారు. ఆ మాట నాకు చాలా సంతోషం ఇచ్చింది.

నవంబర్ 2024

కొనడానికి తిరిగిన రోజులు. ఆ టైములో బెజవాడ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ కారు చూడాలంటే మొదట వరద సంగతి చూసుకోవాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇళ్ల ముందు నిలిపిన కార్లు డ్యాష్‌బోర్డు దాకా మునిగాయి. కడిగి, సీట్లు ఆరబెట్టి, పాలిష్ కొట్టిన బళ్లు కొన్ని రెండు నెలలకే అమ్మకానికి వచ్చాయి.

నేను మొదట చూసింది అబార్త్ కాదు, వేరే కంపెనీ టర్బో హ్యాచ్‌బ్యాక్. ఒక యార్డులో ఉంది, పెయింటు మెరుస్తోంది, రేటు తక్కువ. డ్రైవరు సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగాను. పైన ఉన్న భాగం శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే భాగం మీద గోధుమ రంగు గీత అడ్డంగా ఉంది. అది నీటి మట్టం. "ఏంటిది?" అంటే "దుమ్మండీ" అన్నాడు అమ్మే అతను. ఫ్యూజ్ బాక్స్ మూత తీస్తే కనెక్టర్ల పిన్నులకు ఆకుపచ్చ చిలుము. అంతే, అక్కడి నుంచి వచ్చేశాను.

మీరు చూసేటప్పుడు బెల్టులు నాలుగూ లాగండి. ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి, దాని కింద ఫోమ్ చేత్తో నొక్కండి. పై గుడ్డ ఆరినా ఫోమ్ లోపల తడి ఉంటుంది, వాసనే చెప్పేస్తుంది. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు పట్టాల బోల్టుల మీద కొత్త తుప్పు, హెడ్‌లైటు లోపల అడ్డంగా చార. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బేరం మొదలుపెట్టకండి. ఇప్పటి కార్లలో సీట్ల కిందా కాళ్ల దగ్గరా వైర్ల జాయింట్లు ఉంటాయి. అవి ఒకసారి మురుగునీళ్లలో నానితే ఇవాళ కిటికీ, రేపు ఎయిర్‌బ్యాగ్ లైటు, ఎల్లుండి బండే ఆగిపోవడం. ఎంత తక్కువకి వచ్చినా లాభం ఉండదు.

ఈ అబార్త్ హైదరాబాద్‌లో దొరికింది. ఓనరు సర్వీసు బిల్లులు ఒక ఫైలులో వరసగా పెట్టి ఉంచాడు. సగం నమ్మకం అక్కడే కుదిరింది. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసి చూడాలని ముందే చెప్పాను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ లేదు. ఆపాక గాలి పైపు విప్పి టర్బో చక్రాన్ని వేలితో కదిపాను. పక్కలకు కాస్త కదలడం సహజం. ముందుకీ వెనక్కీ కదిలితేనే బేరింగు అరిగినట్టు. ఇది కదల్లేదు.

నడిపి చూస్తే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది, కింద సామాను మాత్రం అలిసిపోయింది. చిన్న గుంతకే ముందు ఎడమ వైపు టక్ టక్ అంటోంది. టైర్ల పక్కన అండాకారపు గడిలో 2817 అని ఉంది. అంటే 2017లో 28వ వారం తయారైనవి. గీతలు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడిపోయింది. ఈ రెండూ చూపించి రేటు తగ్గించమన్నాను, ఆయన తగ్గించాడు.

డిసెంబర్

ఈ నెలంతా కాగితాలే. తెలంగాణ నంబరు బండి కాబట్టి అక్కడి ఆర్టీఏ నుంచి 28వ ఫారం మీద ఎన్‌ఓసీ తీసుకోవాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు, ఇక్కడ కొత్త నంబరు కోసం 27వ ఫారం. బ్యాంకు లోను ఉండి ఉంటే 35వ ఫారం కూడా కావాలి, ఆ లోను తీరినట్టు ఆర్సీ మీద కనిపించాలి. ఆ తర్వాత మన రాష్ట్రానికి లైఫ్ ట్యాక్స్, అది బండి వయసును బట్టి. కారు రేటు మాట్లాడుకునేటప్పుడే ఈ ట్యాక్సు మనసులో కలుపుకోవాలి. చాలామంది హైదరాబాద్‌లో చవకగా వచ్చిందని సంబరపడి, ఇక్కడికొచ్చాక దీని దగ్గర ఆగిపోతారు.

ఇన్సూరెన్స్ మార్పు 14 రోజుల్లో అడగాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, బండితో రాదు. కాబట్టి ప్రీమియం ఆయన కట్టినంతే ఉంటుందని అనుకోవద్దు.

ఖాళీ సాయంత్రాల్లో ల్యాప్‌టాప్‌కి కేబులు తగిలించి మల్టీ ఈసీయూ స్కాన్ అనే సాఫ్ట్‌వేరుతో ఇంజిన్ కంప్యూటర్ చదివాను. ఫియట్ బళ్లకు ఇది తప్పకుండా ఉండాలి. మామూలు స్కానర్ ఇంజిన్ లోపాలు మాత్రమే చెప్తుంది, ఇది ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, బాడీ కంప్యూటర్ అన్నీ తెరుస్తుంది. పెద్ద లోపాలేమీ లేవు. అన్ని అంకెలూ నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి ఆరోగ్యంగా ఉన్నప్పటి అంకెలు చేతిలో ఉండాలి.

జనవరి 2025

ఆటోనగర్ నెల. నాకు ఇదే అన్నిటికంటే ఇష్టమైన నెల కూడా.

బెజవాడ జవహర్ ఆటోనగర్ గురించి తెలియని తెలుగువాడు తక్కువ. లారీ బాడీలు కట్టడం దగ్గర్నుంచి లేత్ పని, రేడియేటర్లు, స్ప్రింగు కట్టలు, పాత సామాన్ల కొట్ల దాకా అన్నీ అక్కడే. కానీ కార్ల బ్రాండు దేశం నుంచి వెళ్లిపోయాక ఆ బండికి ఆటోనగర్ ఎంత అండగా నిలుస్తుందో ఇప్పుడే స్వయంగా చూశాను. బీఎస్-6 పొగ నిబంధనలు రాకముందే ఫియట్ కార్లు ఇక్కడ ఆగిపోయాయి. అందరూ నన్ను భయపెట్టింది పార్టుల గురించే.

నిజానికి పార్టుల కథ ఇలా ఉంది. ముందు సస్పెన్షన్‌లో చాలా సామాను మామూలు పుంటో, లీనియాలతో కలుస్తుంది. ఇంజిన్ వైపు లీనియా టీ-జెట్ కూడా ఇదే 1.4 కుటుంబం కాబట్టి కొన్ని కలుస్తాయి. అబార్త్‌కి మాత్రమే ఉన్నవి కష్టం: స్ప్రింగులు, షాకబ్జర్లు, బంపర్లు, బాడీ ముక్కలు. అందుకే ఏదైనా కొనేముందు ఈపర్ అనే ఫియట్ పార్టుల కేటలాగులో నంబరు చూసుకుని, ఆ నంబరుతోనే అడుగుతాను. "పుంటో లోయర్ ఆర్మ్ ఉందా" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. నంబరు చెప్తే ఉందో లేదో తేలిపోతుంది. కంపెనీ డబ్బాలో సామాను ఇంకా దొరుకుతోంది, కాకపోతే పుణె, ఢిల్లీ నుంచి రావాలి. వారం పడుతుంది. రోజువారీ బండికి వారం ఆగడం కష్టం కాబట్టి, విరిగాక వెతకడం కాదు, అరుగుతుండగానే తెచ్చి బీరువాలో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు నా దగ్గర ఇగ్నిషన్ కాయిల్ ఒకటి, క్లచ్ వైపు చిన్న సామాను, ఆయిల్ ఫిల్టర్లు, ముందు బ్రేక్ ప్యాడ్ల సెట్టు ఎప్పుడూ ఉంటాయి.

నాకు దొరికిన మేస్త్రికి అరవై దాటాయి. పద్మినిల కాలం నుంచి ఫియట్లు చేసిన మనిషి. కారును లిఫ్ట్ ఎక్కించి, పెద్ద స్క్రూడ్రైవర్‌తో లోయర్ ఆర్మ్ బుష్‌ను, అంటే చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ చివరి రబ్బరు కీలును, పక్కకి నెట్టి నాకు చూపించాడు. రబ్బరు చీలి, లోపల లోహం విడిగా ఊగుతోంది.

"పవర్ ఎంత పెంచమంటావు బాబూ?" అని అడిగాడు. ఈ బండి తెచ్చేవాళ్లందరూ అదే అడుగుతారట.

"పెంచొద్దు బాబాయ్. కొత్తలో ఎలా ఉండేదో అలా చెయ్యి చాలు."

ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే కూర్చో. మంచి పని చేద్దాం" అన్నాడు.

ముందు లోయర్ ఆర్మ్‌లు రెండూ, లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌లు, స్ట్రట్ పైన మౌంటు బేరింగులు, ఇంజిన్ కింద అది ఊగకుండా పట్టే డాగ్‌బోన్ మౌంటింగ్ మార్చాం. బుష్ బోల్టులు బిగించే దగ్గర బాబాయ్ చేసింది అందరికీ చెప్పాలి. బండి గాల్లో వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగించలేదు. వదులుగా పెట్టి, కారును నేల మీదికి దించి, నాలుగు చక్రాల మీద బరువు పడ్డాక అప్పుడు బిగించాడు. గాల్లో బిగిస్తే, దించగానే రబ్బరు మెలితిరిగి, రోజంతా ఆ మెలికలోనే ఉంటుంది. కొత్త బుష్ ఆరు నెలలకే చీలిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. తర్వాత వీల్ అలైన్‌మెంట్.

షాకబ్జర్లు కారట్లేదు, బండిని నొక్కి వదిలే బౌన్స్ టెస్టులో కూడా నిలబడ్డాయి. అందుకని వదిలేశాం. బాగున్న దాన్ని మార్చొద్దు అనేది బాబాయ్ నియమం, నాకూ అదే సరిగ్గా అనిపిస్తుంది.

ఇంజిన్ వాల్వులు వేళకి తెరుచుకునేలా తిప్పే టైమింగ్ బెల్టు సంగతి వేరు. దాని బిల్లు ఫైలులో లేదు. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చైను కాదు, బెల్టు. నీళ్ల పంపును కూడా ఆ బెల్టే తిప్పుతుంది. కాబట్టి బెల్టు, టెన్షనర్, నీళ్ల పంపు మూడూ ఒకేసారి మార్చేశాం. పంపు మాత్రం వదిలేసి బెల్టు ఒక్కటే వేస్తే, రేపు పంపు కారినప్పుడు మళ్లీ అదంతా విప్పాలి. కూలీ రెండుసార్లు ఎందుకు ఇవ్వాలి?

కూలెంట్ వంపినప్పుడు రంగు చూసి మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఎర్రగా ఉండాల్సింది లేత తుప్పు రంగులో ఉంది. ఎవరో ఎక్కడో కుళాయి నీళ్లు కలిపారు. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎంతో ఇంటి గీజర్ విప్పితే తెలుస్తుంది, అదే ఉప్పు రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్‌తో శుభ్రమైన నీళ్లు వచ్చేదాకా కడిగి, సరైన ఎర్ర కూలెంట్ పోశాం. ఆకుపచ్చదీ ఎర్రదీ కలపకూడదు. వాటి లోపలి రసాయనాలు వేరు, కలిస్తే జిగురు తయారవుతుంది.

ఆ సాయంత్రం బందరు రోడ్డు నుంచి బెంజ్ సర్కిల్ మీదుగా వారధి దాకా నడిపాను. ఈ బండికి హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. కొత్త కార్లలో మోటారు తిప్పే స్టీరింగులో ఉండని బరువు ఇందులో చేతికి తెలుస్తుంది, రోడ్డు ఎక్కడ గరుకుగా ఉందో ఎక్కడ నున్నగా ఉందో అరచేతులకి అందుతుంది. పాత బుష్‌లతో ఆ సమాచారమంతా మధ్యలోనే పోయింది. అప్పటిదాకా ఈ కారుని నేను నిజంగా నడపలేదనే అనాలి.

ఫిబ్రవరి

టైర్లు నాలుగూ కొత్తవి, కంపెనీ సైజే, 195/55 ఆర్16. పెద్ద చక్రాలు, సన్నని టైర్లు వేయమని సలహాలు వచ్చాయి. వేయలేదు. మా వీధుల్లో పక్క రబ్బరు ఎంత ఎత్తు ఉంటే రిమ్ముకి అంత రక్షణ. నాలుగూ కలిపి ముప్పై వేలు దాటాయి. మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన ఖర్చు ఇదే, తడి రోడ్డు మీద బ్రేకు కొట్టిన మొదటి రోజే తెలిసింది.

బ్రేక్ ఆయిల్ కూడా మార్చాం, డాట్ 4. అది గాలిలో తేమ పీల్చుకుంటూ ఉంటుంది, తేమ చేరేకొద్దీ త్వరగా మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. మన దగ్గర ఎవరూ పట్టించుకోని పని ఇది.

మార్చి

మిర్చి సీజన్. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని లారీలు, ట్రాక్టర్లు రాత్రీ పగలూ వస్తుంటాయి. పొద్దున హైవే ఎక్కేలోపు వాటి వెనక నిలబడక తప్పదు. ఘాటు కారు లోపలికి కూడా వస్తుంది. ఏసీ గాలి లోపలే తిరిగేలా బటన్ నొక్కి ఉంచుతాను, క్యాబిన్ ఫిల్టర్ ఈ సీజన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మారుస్తాను. తీసిన ఫిల్టర్ మడతల్లో ఎర్రటి పొడి కనిపిస్తుంది.

ఈ లారీల మధ్యే ఈ ఇంజిన్ ఎందుకు మంచిదో అర్థమవుతుంది. హైవే మీద కారుకి పరిమితి వంద. దాన్ని దాటాల్సిన పనే లేదు. కానీ అరవైలో పోతున్న లారీ వెనక నుంచి బయటికి వచ్చి, తొంభైకి చేరి, పక్క లేనులో వెనకవాళ్లకి అడ్డం లేకుండా సర్దుకోవడానికి ఎంత సేపు పడుతుందన్నదే అసలు లెక్క. టర్బో టార్క్ 2000 ఆర్పీఎం నుంచే నిండుగా అందుతుంది. నాలుగో గేరు మార్చకుండానే పని అయిపోతుంది. వేగం కోసం కాదు, ఆ కొద్ది క్షణాల ధైర్యం కోసం ఈ పవర్ కావాలి. రోజూ నడిపేవాడికి స్పోర్టీ కారు ఇచ్చే సుఖం అదే అని నా గట్టి నమ్మకం.

మైలేజీ: ఊళ్లో తొమ్మిది, పది. హైవే మీద తొంభైలో నిలకడగా పోతే పదమూడు దాటుతుంది.

స్పీడ్ బ్రేకర్లు: రోడ్డు ఇంజినీర్ల ప్రమాణం ప్రకారం గుండ్రటి బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలాంటి దాన్ని ఈ కారు హాయిగా దాటుతుంది. మా కాలనీవాళ్లు సిమెంటుతో కట్టుకున్న వాటికి ఆ వెడల్పులో పావు కూడా లేదు. ముగ్గురు వెనక కూర్చుంటే మాత్రం ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దాటాలి. ఎదురుగా ఎవరూ రాకుండా చూసుకోవాలి.

ఏప్రిల్, మే

ఎండలు మొదలయ్యాక నేను రాసుకున్న పేజీలు ఎక్కువ. బెజవాడ ఎండ టర్బో ఇంజిన్‌కి పెద్ద పరీక్ష.

టర్బో చేసే పని గాలిని నొక్కడం. నొక్కిన గాలి వేడెక్కుతుంది. వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. అందుకే ముందు భాగంలో ఇంటర్‌కూలర్ పెట్టి, ఇంజిన్‌లోకి వెళ్లే ముందు ఆ గాలిని చల్లారుస్తారు. కానీ బెంజ్ సర్కిల్ కింద సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఇంటర్‌కూలర్‌కి తగిలేదే వేడి గాలి. స్కానర్ పెట్టి చూస్తే, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో కాసేపు ఆగేసరికి లోపలికి పోయే గాలి అరవై డిగ్రీలు దాటింది. అప్పుడు ఇంజిన్ కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, కాలికి బండి బరువుగా తోస్తుంది. వారధి మీద కృష్ణ గాలి తగిలి నాలుగైదు నిమిషాలు నడిస్తే అంకె కిందికి దిగి, బండి మళ్లీ తేలికవుతుంది. ఇది లోపం కాదు, అలా ఉండటమే సరి. అది తెలిస్తే టెన్షన్ పడక్కర్లేదు, ఎండలో ఆగి ఉన్న వెంటనే గట్టిగా తొక్కడం మాత్రం మానుకోవాలి.

లోపం ఒకటి వేరేగా దొరికింది. రేడియేటర్ ఫ్యాన్‌కి రెండు వేగాలు. మొదటి వేగం పనిచేయట్లేదు. వేడి బాగా ఎక్కాక రెండో వేగం ఒక్కసారిగా పెద్ద శబ్దంతో తిరుగుతోంది. మీటరులో ముల్లు మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి స్కానర్ లేకపోతే ఇది బయటపడేది కాదు. వయసైపోయిన రెసిస్టర్ కాలిపోయింది. చిన్న ముక్క, చవకే. మార్చాక కూలెంట్ అంకె తొంభై పరిసరాల్లో కదలకుండా నిలబడింది. ఏసీ కూడా సిగ్నల్స్ దగ్గర మునుపటికంటే చల్లగా వస్తోంది, ఎందుకంటే ఏసీ కండెన్సర్‌కి కూడా అదే ఫ్యాన్ గాలి. ముందు జాలీలో చిక్కిన పురుగులు, దుమ్ము తక్కువ ఒత్తిడి నీళ్లతో లోపలి వైపు నుంచి కడిగించాం. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఆయిల్ గురించి. ఈ ఇంజిన్‌లో పట్టేది దాదాపు మూడు లీటర్లే. అంత తక్కువ ఆయిల్ టర్బో బేరింగును కూడా చల్లబరచాలి. అందుకే పూర్తి సింథటిక్ 5డబ్ల్యూ-40 వాడుతున్నాను, కంపెనీ చెప్పిన దూరంలో సగానికే మారుస్తున్నాను, ప్రతి ఆదివారం పొద్దున డిప్‌స్టిక్ చూస్తాను. ఇంటికి చేరేముందు చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వస్తే టర్బో తనంతట తనే చల్లారుతుంది. హైవే నుంచి వేగంగా వచ్చి గబుక్కున ఆపేస్తే, ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ కదలకుండా నిలిచి మసిగా మారుతుంది. టోల్ దగ్గర హోటల్లో టిఫినుకి ఆగినప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపుతాను.

జూన్

స్కూళ్లు తెరిచారు. పొద్దున బాబుని లక్ష్మీపురంలో స్కూల్లో దించే పని మా ఆవిడది. నేను బెజవాడ వెళ్లేలోపు ఆమె ఒక రౌండు తిరిగొస్తుంది. వారం నడిపాక చెప్పింది: "ఏవండీ, బండి బాగుంది కానీ సిగ్నల్ దగ్గర ఎడమ మోకాలు పట్టేస్తోంది." ఆమె చెప్పేదాకా నాకు అలవాటైపోయి తెలియలేదు. క్లచ్ పెడల్ బరువు.

క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు వేళ్లు లేచి పెడల్ బరువెక్కుతుంది. గేర్ బాక్స్ దించితే అలానే ఉంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి సెట్టుగా మార్చాం. సెట్టు పార్ట్ నంబరుతో తెప్పించడానికి సమయం పట్టింది, కానీ ముందే చెప్పి ఉంచడం వల్ల బండి ఆగింది పని జరిగిన రెండు రోజులే. పెడల్ ఇప్పుడు బాగా తేలిక. ఇంట్లో ఇద్దరూ ఇబ్బంది లేకుండా నడపగలిగితేనే అది రోజువారీ బండి. నా ఒక్కడికి నచ్చితే చాలదు.

అమ్మ ఎక్కడం దిగడం మాత్రం కష్టంగానే ఉంది, సీటు కిందికి ఉంటుంది. ఆమె కూర్చునే వైపు సీటు ఎత్తుకి గట్టి దిండు ఒకటి కుట్టించాం.

జూలై

రీమ్యాప్ చేయిద్దామని స్నేహితులు పట్టుబట్టారు. కంప్యూటర్ ప్రోగ్రాం మారిస్తే ఇదే ఇంజిన్ ఇంకా చాలా పవర్ ఇస్తుందని అందరికీ తెలుసు. యూరప్‌లో గ్రాండే పుంటో అబార్త్‌కి ఇదే 1.4తో 155 హార్స్ పవర్ ఇచ్చారు కూడా.

నేను వద్దన్నాను, ఎందుకో ఇక్కడ రాసి పెడుతున్నాను. బూస్టు, అంటే టర్బో గాలి ఒత్తిడి, పెంచితే వేడి పెరుగుతుంది. మే నెలలో అరవై డిగ్రీల గాలి పీల్చిన ఇంజిన్ అది. టార్క్ పెరిగితే కొత్త క్లచ్ మీద, ఇప్పుడు దొరకడం కష్టమైన గేర్ బాక్స్ మీద భారం పెరుగుతుంది. ఇన్సూరెన్సుకి చెప్పని మార్పు క్లెయిమ్ దగ్గర అడ్డం తిరుగుతుంది. వీటన్నిటికంటే ముఖ్యం, రోజూ పొద్దున తాళం తిప్పితే స్టార్టవ్వాలి, సాయంత్రం ఇంటికి చేరాలి. ఈ రెండింటికీ 145 సరిపోతుంది. ఆ డబ్బుతో రేడియేటర్ హోస్ పైపులు, టర్బో గాలి పైపుల క్లిప్పులు కొత్తవి వేశాం. కొత్త క్లిప్పులు వేశాక మూడో గేరులో అందే లాగుడు స్పష్టంగా మెరుగైంది. పాత పైపు ఒకదాని చివర గాలి కొద్దికొద్దిగా కారుతోంది కాబట్టి, కంపెనీ ఇచ్చిన పవరే అప్పటిదాకా పూర్తిగా అందలేదు.

ఆగస్టు

పెట్రోలు బంకుల్లో ఇప్పుడు అందేది ఇ20, ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొద్దిగా తగ్గుతుంది, నా లెక్కల్లోనూ తగ్గింది. ఆక్టేన్ ఎక్కువ కాబట్టి టర్బో ఇంజిన్‌కి నాక్ (ఇంధనం అదుపు లేకుండా అంటుకుని ఇంజిన్ కొట్టుకోవడం) విషయంలో మేలే. నా ఆలోచనంతా రబ్బరు గురించి. ఇ20కి తగ్గట్టు తయారైన బళ్లు 2023 ఏప్రిల్ నుంచి వచ్చినవి. 2016 బండిలో ఇంధన పైపులు, సీళ్లు ఆ లెక్కతో చేసినవి కావు. బానెట్ కింద బయటికి కనిపించే ఇంధన గొట్టం ముక్కని ఇథనాల్‌ని తట్టుకునే రకంతో మార్పించాను. నెలకోసారి టార్చి వేసి జాయింట్లు చూస్తాను, వాసన చూస్తాను. బండిని నెలల తరబడి నిలిపి ఉంచకపోవడం కూడా మంచిదే, ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండి ట్యాంకులో పెట్రోలు పాతబడదు.

వానలకి ఒక నియమం పెట్టుకున్నాను. నీళ్లు చక్రం మధ్య దాకా ఉంటే వెళ్లను, ఎంత ఆలస్యమైనా సరే. ఇంజిన్‌లోకి గాలి తీసుకునే మూతి ముందువైపు ఉంది, బండి కిందికి ఉంది. ఒకసారి నీళ్లు సిలిండర్‌లోకి పోతే, నీళ్లని నొక్కడం కుదరదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదని మా ఆవిడకీ చెప్పి ఉంచాను. ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుంటేనే ఇలాంటి నష్టం ఇస్తారు. ఈ వయసు బండికి దాన్ని అన్ని కంపెనీలూ ఇవ్వవు, రెన్యువల్‌కి ముందు అడిగి పెట్టుకోవాలి.

ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. వచ్చిన కొత్తలో 3,000 రూపాయలు, 200 సార్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. కాజ టోల్ రోజూ రెండుసార్లు దాటే నాకు వంద పనిదినాల్లో పాస్ అయిపోతుంది. అయినా లెక్క వేస్తే ఒక్కసారి దాటడానికి పడింది 15 రూపాయలే. తీసుకున్నాను.

మిగిలిన పనులు: వెనక యాక్సిల్ బుష్‌లు చీలలేదు కానీ గట్టిపడ్డాయి, వేగంగా మలుపు తిప్పితే వెనక కాస్త ఆలస్యంగా కదులుతోంది. పార్టు పుణెలో దొరికింది, ఆర్డరు పెట్టాను. ఆటోనగర్‌లో ప్రెస్ ఉన్న కొట్టు బాబాయ్ చూసి పెట్టాడు. ఎడమ హెడ్‌లైటు మూతకి పసుపు రంగు ఎక్కింది, రాత్రి హైవే మీద తేడా తెలుస్తోంది, అది పాలిష్ చేయించాలి. స్పార్క్ ప్లగ్గులు వచ్చే ఆయిల్ మార్పుతో పాటు. దసరా లోపు ఈ మూడూ అయిపోవాలి, ఆ సెలవులకి అమ్మానాన్నలతో శ్రీశైలం ఘాటు ఎక్కాలని ఉంది.